టీచరమ్మ పిలిచిన భోజనాలు

మా పక్కింటి టీచరమ్మ పోయారు. పోయే ముందురోజు సాయంత్రం కూడా నన్ను తిట్టారు. బండి ఆవిడ గేటుకి అడ్డంగా పెట్టానట. అడ్డమేమీ లేదు, ఓ జానెడు అటు జరిగిందంతే. "ఒరే, ఈ రోడ్డంతా నీకే రాసిచ్చీసినారేటి?" అని అరిచి లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్న పాలు పోసే ఆవిడ ఎంత పిలిచినా తలుపు తీయలేదని మా ఆవిడ పరుగెత్తుకొచ్చి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారు. నాకు జవాబు చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆవిడతో మొదటినుంచీ ఇదే చిక్కు, ఆఖరి మాట ఎప్పుడూ ఆవిడదే.

కొత్తవలసలో నర్సుగా చేస్తున్న కూతురు వచ్చాక మధ్యాహ్నం చర్చికి తీసుకెళ్లాం. పాస్టరుగారు కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, పాపం. "ఈ సహోదరి ఎవరి మనసూ నొప్పించని సౌమ్యురాలు" అన్నారు. బల్లల మీద కూర్చున్నవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఊళ్లో ఆవిడ నొప్పించని మనసేదైనా మిగిలిందంటే అది ఇంకా పుట్టని బిడ్డదే అయుండాలి. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. జేబురుమాలు ఇంట్లో మరిచిపోయాను. ఆవిడ ఉంటే దానికీ తిట్టేవారు.

బయటికొస్తే కూడలిలో అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. మా ఊరి నూరేళ్ల పండగ కమిటీవాళ్లది. అందులో కమిటీ పెద్దలు చేతులు జోడించి నిలువెత్తున ఉన్నారు. ఆవిడ ఫొటో ఓ మూల తపాలా బిళ్లంత ఉంది. పైన పెద్దక్షరాలతో 'మా ఊరి మణిపూస' అని. ఆ పండగ రోజుల్లో ఈ మణిపూసని ఆ పెద్దలు ఏమని పిలిచారో నేను చెవులారా విన్నాను. ఇక్కడ రాస్తే పత్రిక వేసుకోదు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆవిణ్ణి 'అజాతశత్రువు' అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు. మనిషి ఎలా ఉండేదో అలా ఎవరో ఒకరు చెప్పాలి కదా, అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు ఎరువుల కొట్టు ఉంది. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. మూడో తరగతిలో నాకు ఆవిడే టీచరు. ఆ తర్వాత నాకు పెళ్లయింది, పిల్లలయ్యారు, జుట్టు నెరిసింది, కానీ ఆవిడ లెక్కలో నేను మూడో తరగతి దాటలేదు. మా ఇంట్లోకి రావడానికి పిలుపు అక్కర్లేదు. వస్తూనే స్విచ్చిబోర్డు దగ్గరికి వెళ్లేవారు. "ఈ గదిలో ఎవులూ నేరు. ఫేను ఎవులికి తిరుగుతన్నాది? గోడలికి ఉక్కపోస్తందా?" టప్పుమని ఆపేసేవారు. అక్కణ్ణించి వంటింట్లోకి. పొయ్యి మీద కూర మూత తీసి, ఓ చుక్క నాలిక మీద వేసుకుని, ఉప్పు చాలలేదని తనే ఇంత వేసేసి, "ఇప్పుడు తినండి" అని వెళ్లిపోయేవారు. నాకు బీపీ ఉందని చెప్పి చూశాను. "బీపీ ఉప్పు వల్ల రాలేదు, నీ కోపం వల్ల వచ్చినాది" అన్నారు. ఇంతకీ ఆ కోపం ఎవరి వల్ల వచ్చింది?

ఎవరింట్లో శుభకార్యమైనా అందరికంటే ముందు వెళ్లేవారు. వెళ్లి ఊరికే కూర్చోరు. షామియానా కట్టేవాళ్లకి షామియానా ఎలా కట్టాలో, వంటవాళ్లకి వంకాయ ఎలా తరగాలో చెప్పేవారు. మొగమాటమన్నది ఆ మనిషిలో మచ్చుకైనా లేదు. "మొగమాటపడితే పనులవ్వవురా, మొట్టికాయలేస్తే అవుతాయి" అనేవారు. ఆ మొట్టికాయలు మూడో తరగతిలో తిన్నవాణ్ణి కాబట్టి కాదనలేను.

మా ఆవిడకి విషజ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు మాత్రం పూటపూటా గంజి కాచి గోడ మీంచి అందించిందీ, అది చాలక తనే వచ్చి చెంచాతో తాగించిందీ టీచరమ్మే. తిడుతూనే తాగించారు. జ్వరం తెచ్చుకున్నందుకు మా ఆవిణ్ణీ, రానిచ్చినందుకు నన్నూ తిట్టారు. మా అమ్మ పోయాక మా ఇంట్లో అంత హక్కుగా అరిచిన మనిషి ఇంకొకరు లేరు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కితే వస్తుంది మా ఊరు. వారం వారం జరిగే సంత చుట్టూ పెరిగిన చిన్న పట్నం. పెద్ద నోట్ల రద్దు గొడవ సద్దుమణిగాక ఓ వేసవిలో, ఊరు పుట్టి నూరేళ్లయిందని ఉన్నట్టుండి అందరికీ తెలిసింది. ఎవరు లెక్కకట్టారో నేనిప్పటికీ కనుక్కోలేకపోయాను. కమిటీ వెలిసింది. రైసుమిల్లున్న మా బావ ప్రెసిడెంటయ్యాడు. మూడు రోజుల పండగ అన్నారు. తప్పెటగుళ్లు, పులివేషాలు, కర్రసాము, ముగ్గుల పోటీలు, ఊరి మొదట్లో రంగు బల్బుల ఆర్చీ, వేదిక మీద పెద్దలకి శాలువాలు. మూడో రోజు మధ్యాహ్నం సంత మైదానంలో ఊరంతటికీ భోజనాలు. ఆ భోజనాల బాధ్యత నా నెత్తిన పడేశారు. నేను శ్రీకాకుళం వెళ్లి కేటరింగు మాట్లాడి వచ్చాను. బఫే. టేబుళ్లు వాళ్లవే, పళ్లేలు వాళ్లవే, వడ్డించేవాళ్లూ వాళ్లే. నా పని అయిపోయిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ హాయి సాయంత్రం దాకా కూడా నిలవలేదు. టీచరమ్మ చేటలో బియ్యం పోసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుని రాళ్లేరుతున్నారు.

"బఫే అంటే పళ్లెం పట్టుకుని నిలబడాల. అంతేనా?" అన్నారు.

"అంతే టీచరమ్మా. ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా అందరూ అలగే కదా."

"నిలబడి మేం సాలా తిన్నాం బాబూ. ఈపాలి కూకుంటాం."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. ఆవిడ పుట్టింది ఊరికి ఆ చివర చర్చి వీధిలో. తండ్రి బస్తాలు మోసే కళాసీ. ఆవిడ చిన్నపిల్లగా ఉండగా ఊరికి కరెంటు వచ్చింది. ఆ సంబరానికి సంత మైదానంలోనే ఊరంతటికీ భోజనాలన్నారు. ఊరంతా అంటే మేమూ ఉంటాం కదా అనుకుని చర్చి వీధి వాళ్లు తలంట్లు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లారు. బంతులన్నీ లేచేదాకా బళ్లు ఆపేచోట నిలబడమన్నారు. ఆఖరికి ఇళ్లకెళ్లి గిన్నెలు తెచ్చుకోమన్నారు. తెచ్చుకుంటే పైనించి వంచి పోశారు. నిలబడే తిన్నారు.

"మా ముందు ఆకు ఎవులూ ఎయ్యనేదు," అన్నారు, చేటలోంచి తలెత్తకుండా. "మా అయ్య ఆవేళ ఎంత ఇష్టంగా తిన్నాడో సూడాల. ఆకలి మరి. నాకు అదే గురుతొస్తాది."

ఆవిడ నాకోసం ఆగలేదు. "ఈ బియ్యం మీ బావ మిల్లువేనా? బియ్యంలో రాళ్లా, రాళ్లల్లో బియ్యమా?" అని చేట దులుపుకుని లేచారు. "ఊరంతా ఒకే బంతి. కింద కూకుని, అడ్డాకు ఇస్తర్లలో. సూడు మరి" అని చెప్పి వెళ్లిపోయారు. కేటరింగువాడికి బయానా ఇచ్చిన చేత్తో నేను నెత్తి పట్టుకున్నాను.

కమిటీలో చెబితే అందరూ ఒక్కసారి లేచారు. ఎండలో కింద కూర్చోబెడతావా, వడ్డన ఎవరు చేస్తారు, బంతి వెనక బంతి లేచేసరికి పొద్దుగూకుతుంది అన్నారు. కులం మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తకుండానే అంతా అన్నారు. "కొందరు పెద్దోళ్లకి ఇబ్బందిగా ఉంటాదేమో, సూసుకోవాల కదా" అన్నాడు బావ. పెద్ద వీధిలో అన్నిటికంటే పాత లోగిలి పెద్దకాపుది, ఊళ్లో ఆయన మాటకి ఎదురులేదు, ఆయనైతే తను రానని కబురే పెట్టాడు. నేను ఆ మాట మోసుకొచ్చి టీచరమ్మకి చెప్పాను.

"రాకపోతే మానీమను. కూర మిగుల్తాది," అన్నారు.

ఆ మర్నాడు ఆవిడే మిల్లుకి వెళ్లి బావ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బావ కూడా ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. రాజీకి దిగాడు. ఏ వీధి వాళ్లకి ఆ వీధి బంతి విడిగా వేయిస్తానన్నాడు. "మరి కరెంటొచ్చిననాటికీ ఇప్పటికీ తేడా ఏటి? బల్బులు పెరిగినాయా?" అన్నారు. పోనీ వేదిక మీద పెద్దలతో పాటు మీకూ శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం అన్నాడు. "ఈ ఎండలో శాలువా కప్పుకుని సస్తానా? నాకొద్దు. ఆకెయ్యండి, సాలు." బావ గుమస్తాని పిలిచి కాఫీ తెప్పించాడు. కాఫీ తాగి, పంచదార ఎక్కువైందని చెప్పి, మళ్లీ అదే మాట మొదలుపెట్టారట. ఆ రోజు మిల్లులో పని సాగలేదు. బావ నాకు ఫోను చేసి, "మీ టీచరమ్మని వొచ్చి తీసుకుపోరా బాబూ, నీకు దండం పెడతాను" అన్నాడు. మా టీచరమ్మట! నాకొక్కడికే చదువు చెప్పినట్టు.

అంతటితో ఊరుకున్నారా? ఊరుకుంటే ఆవిడ మా టీచరమ్మ ఎందుకవుతారు? కమిటీ మళ్లీ కూర్చుని బఫేయే ఖాయం చేసిన రోజున నేను కొట్టు కట్టి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ లేదు. మధ్యాహ్నమనగా కుంకుమ భరిణె పట్టుకుని టీచరమ్మ వెంట వెళ్లిందని పక్కవాళ్లు చెప్పారు. మా వైపు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి భోజనానికి పిలిచారంటే, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఆకేసి వడ్డించి తీరాలి. బొట్టు పెట్టి పిలిచి, పళ్లెం చేతికిచ్చి పోయి తెచ్చుకోమంటే అది మర్యాద కాదు, తగువు. ఆ సంగతి ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. టీచరమ్మ బాప్టిస్టు సంఘం మనిషి. తను బొట్టు పెట్టుకోరు, ఎవరికీ పెట్టరు. అందుకని మా ఆవిణ్ణి బయల్దేరదీశారు.

"బొట్టు నువ్వు పెట్టు, మాట నాను సెప్తాను," అన్నారట.

పెద్ద వీధి మొదలుకుని అన్ని వీధులూ తిరిగారు. ప్రతి గుమ్మం ముందూ మా ఆవిడ బొట్టు పెట్టడం, ఆవిడ "ఊరి నూరేళ్ల పండగ, మూడోనాడు మధ్యాన్నం అందరూ బేగి వచ్చీండి, కూకునే భోజనాలు, ఒకే బంతి" అని చెప్పడం. చర్చి వీధిలో బొట్టు పని లేదు కాబట్టి అక్కడ ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని పిలిచారట. పాత లోగిలికీ వెళ్లారు. పెద్దకాపు ఇంట్లో లేడు. ఆయన భార్యకి బొట్టు పెట్టి వచ్చేశారు. మా ఆవిడ ఎండదెబ్బ కొట్టిన మొహంతో వచ్చి, ఫేను వేసుకుని కూలబడి, "ఇంత బాగా ఎప్పుడూ తిరగలేదండి" అంది. నాకు అరవాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం బావ మా ఇంటిమీదికి వచ్చాడు. "ఎవులు సెప్పారు పిలవమని? ఒరే, పెళ్లాన్ని అదుపులో ఎట్టుకోనోడివి నీకు కమిటీ ఎందుకు?" అని వీధంతా వినబడేలా కేకలేశాడు. నేనేదో చెప్పేలోపే గోడ మీంచి టీచరమ్మ తల పైకొచ్చింది. "బొట్టెట్టి పిలిసినాం. ఇప్పుడు పిలుపు ఎనక్కి తీసుకుంటావా? ఎల్లి ఇంటింటికీ బొట్టు తుడిసిరా, పో" అన్నారు. బావ బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. కేటరింగువాడికి నేనే ఫోను చేశాను. టేబుళ్లు వద్దన్నాను, విస్తళ్లు కావాలన్నాను. వాడు నన్నన్న మాటలు నేను బావని అందామనుకున్నాను, బంధువు కదా అని ఊరుకున్నాను.

భోజనాల రోజు వచ్చింది. పొద్దున్న ఊరేగింపు, తప్పెటగుళ్లు, పులివేషాలు, అన్నీ ఆలస్యమే. టీచరమ్మ మాత్రం వంటలు దిగకముందే వచ్చి గాడిపొయ్యిల మధ్య తిరుగుతున్నారు. గుమ్మడికాయ పులుసులో బెల్లం ఎక్కువైందని వంటవాడితో గొడవ. అతను గరిటె కింద పెట్టేసి వెళ్లిపోతానన్నాడు. అతని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

షామియానా కింద పట్టాలు పరిచాం. జనం వచ్చారు. వచ్చారు గానీ కూర్చోరు. పెద్ద వీధి వాళ్లు ఒక పక్క గుమిగూడారు, చర్చి వీధి వాళ్లు బాగా దూరంగా అంచున నిలబడ్డారు, మిగతా వీధుల వాళ్లు మధ్యలో అటూ ఇటూ చూస్తున్నారు. పాత లోగిలి పెద్దకాపు కూడా వచ్చాడు. రానన్న మనిషే, ఇంటావిడకి బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఉండలేకపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను విస్తళ్ల కట్ట పట్టుకుని దిక్కులు చూస్తున్నాను. ఇంత రాద్ధాంతం చేసి చివరికి ఊరంతా ఎవరిళ్లకి వాళ్లు పోతారనిపించింది. అప్పుడు టీచరమ్మ నడుచుకుంటూ వచ్చి, మొదటి బంతిలో సరిగ్గా మధ్యన, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ కింద కూర్చున్నారు.

ఆవిడకి అటూ ఇటూ ఖాళీ. ఎవరూ కదల్లేదు. ఆవిడ ఒక్కరే, ఎదురుగా వట్టి పట్టా. ఆ కాస్సేపూ నాకు ఆవిడ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఏ శాలువానో కప్పించుకుని వేదిక మీద గౌరవంగా కూర్చోక, నలుగురిలో ఇలా ఒంటరిగా కూర్చోవడం ఎందుకు, ఈ వయసులో? ఆవిడ మొహం చూడలేక వెళ్లి ఆకు వేశాను. ఆవిడ ఆకు మీద నీళ్లు చిలకరించి తుడుచుకుని, తలెత్తి, మైదానం అవతలికి వినబడేలా మా బావని కేకేశారు.

"ఒరే, ఇలగ రా. నా పక్కన కూకో. ఎక్కాలు అప్పసెప్పించను లే."

ఎవరో నవ్వారు. బావ మొహం ఎర్రబడింది. అటు చూశాడు, ఇటు చూశాడు. ఊరందరి ముందూ టీచరు పిలిచింది, పారిపోవడానికి దారి లేదు. "నా మోకాలు నొప్పండీ టీచరుగారూ" అని గొణుక్కుంటూనే వచ్చి కూలబడ్డాడు. నేను గబగబా ఆకు వేశాను. ఆవిడ ఇటు తిరిగి చర్చి వీధి వైపు చెయ్యూపారు. ఇటు పక్కన ఆ వీధి కళాసీ ముసలాయన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత పాత లోగిలి పెద్దకాపు. ఏమనుకున్నాడో ఏమో, గట్టిగా గొంతు సవరించుకుని బావ అవతల కూర్చున్నాడు. ఇక బంతి ఎప్పుడు నిండిందో నాకు తెలియదు, వెయ్యడానికి ఆకులు చాలలేదు.

వడ్డన గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. పప్పు, వంకాయ కూర, పులుసు, పాయసం. పులుసులో బెల్లం ఎక్కువే, ఆవిడ అన్నది నిజమే. అందరూ తిన్నారు. ఆకులు మడుచుకున్నారు. వెనక రెండో బంతి జనం వచ్చి, తింటున్నవాళ్ల వీపుల వెనకే ఆకలితో నిలబడి నన్ను కళ్లతోనే నమిలేస్తున్నారు. బావ ఎడం చెయ్యి నేల మీద ఆన్చి లేవబోయాడు.

మా వైపు బంతిలో అందరికంటే పెద్దవాళ్లు తినడం ముగించి లేచేదాకా మిగతావాళ్లు లేవరు. ఎవరూ నేర్పక్కర్లేదు, మాకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ బంతిలో అందరికంటే పెద్ద టీచరమ్మే. లేవబోతున్న బావ మోచెయ్యి పట్టుకుని పాత లోగిలి పెద్దకాపు కిందికి లాగాడు.

"కూకో," అన్నాడు. "పెద్దావిడ తింటన్నాది."

ఆయన అది గౌరవంతో అన్నాడో, వట్టి అలవాటు కొద్దీ అన్నాడో నాకు తెలియదు. బావ కూర్చున్నాడు. నేను పెరుగు బకెట్టు పట్టుకుని ఆవిడ ముందు వంగి, "టీచరమ్మా, ఎనకాల జనం ఉన్నారు, బేగి కానివ్వండి" అని బతిమాలాను.

"ఇంకాస్త పెరుగెయ్యి," అన్నారు.

వేశాను. బంతి పొడుగునా పెద్ద వీధి వాళ్లూ, చర్చి వీధి వాళ్లూ, అందరూ ఎంగిలి చేతులు ఒళ్లో పెట్టుకుని, మెతుకులు వేళ్ల మీద ఎండిపోతుంటే, ఒక్కరూ లేవకుండా ఆవిడ వైపే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ మాత్రం ఎవరినీ చూడకుండా, తల వంచుకుని, అన్నంలో పెరుగు మెల్లిగా కలుపుకుంటున్నారు.